వంటమాస్టరు నాలుక

పెద్దవాళ్ల సంఘం అంటే పెద్ద సంఘమేం కాదు, బస్సుల షెడ్డు పైన రెండు గదులు. వయసు మళ్ళిన నలుగురూ గురువారం మధ్యాహ్నం అక్కడ చేరి, చేతికి తేలికైన మిఠాయి ఏదో ఒకటి చేసుకుని, తలా రెండు తిని, మిగిలినవి పొట్లం కట్టుకుని ఇళ్ళకి పోతారు. ఆ రోజు కొబ్బరి ఉండలు. పోస్టుమేన్ కొబ్బరి కోరాడు, లెక్కల టీచరమ్మ పాలు కాచింది. రెండూ కలిపి పొయ్యి మీద పెట్టి, గరిటె వంటమాస్టరు చేతికిచ్చారు. పంచదార పొట్లం విప్పే పని టైలరమ్మది.

టైలరమ్మ భర్త పోయి ఏడాది దాటింది. తర్వాత ఆ ఇంట్లో మిషను చప్పుడు ఒక్కటే మిగిలింది. చూపు ఆనక ఈ మధ్య దానికీ మూతేసింది. ఎవరైనా గట్టిగా, ఆపకుండా మాట్లాడుతుంటే వినాలనిపించి ఆమె ఆ మెట్లెక్కి వచ్చేది. అందుకు వంటమాస్టరుని మించినవాడు లేడు. ఆయన ఊదిన బుడగకి చివర్లో సూది గుచ్చేది మాత్రం ఎప్పుడూ ఆమే. మిగతావాళ్ళు దానికోసమే కాచుక్కూచునేవారు.

“నా చేతి గురించి నేను చెప్పుకోను,” అన్నాడు వంటమాస్టరు గరిటె తిప్పుతూ. “చేతులు అందరికీ ఉంటాయి. నాలుక సంగతి వేరు. అప్పట్లో ఓ పెద్ద విందుకి పాలు దించారు. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, ఇందులో నీళ్ళు కలిశాయయ్యా అన్నాను. అంతే. అదేం గొప్ప కాదు.”

“అది మా ఆవిడ కూడా చెప్తుంది,” అన్నాడు పోస్టుమేన్.

“చెప్తుంది బాబూ, నీళ్ళు కలిశాయని చెప్తుంది. ఏ బావి నీళ్ళో చెప్తుందా? నేను చెప్పాను. పాలవాడు నోరెళ్ళబెట్టాడు. అక్కడితో ఊరుకున్నానా, ఆ బావిలో పొద్దున చేంతాడు తెగి ఇత్తడి బిందె పడిపోయింది, వెళ్ళి చూసుకోండి అన్నాను. మనిషిని దింపారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిందె దొరికింది. ఆ ఇల్లాలు పరిగెత్తుకొచ్చి, నీళ్ళలో పడి సొట్టపోయిందండీ అని ఏడుస్తుంటే, ఊరుకోమ్మా, ఆ సొట్ట ఇవాళ్టిది కాదు, నువ్వు కాపురానికి రాకముందుదే అని చెప్పాను.”

“సొట్టకి కూడా రుచుంటుందా?” అంది టీచరమ్మ.

“ఎందుకుండదు టీచరమ్మా, కాస్త పుల్లగా ఉంటుంది. సరే, ఈ మాట పంచదార మిల్లు యజమాని చెవిన పడింది. కారు పంపించాడు. బస్తాలోంచి ఒక్క పలుకు తీసి నోట్లో వేసుకున్నాను. అయ్యా, ఈ బస్తా తెచ్చిన లారీ దారి తప్పింది, డ్రైవరు ఎవర్నీ అడగనని మొండికేశాడు, పక్కన కూచున్న పెళ్ళాం అలిగింది, ఆ అలక పంచదారలోకి దిగింది, దీంతో మిఠాయి చేస్తే తిన్నవాళ్ళంతా మూతి ముడుచుకుంటారు అన్నాను. ఆయన వినలేదు. చేయించాడు. ఊరు ఊరంతా మూడు రోజులు ఎడమొహం పెడమొహం. కోర్టులో జడ్జీ ప్లీడరుతో మాట్లాడడు, స్టేషన్‌లో రైలు వచ్చి గార్డుతో మాట్లాడదు.”

“రైలు మాట్లాడటమేంటి మాస్టరూ?”

“కూత పెట్టలేదయ్యా. అదే చెప్తున్నాను.”

టైలరమ్మకి నవ్వొచ్చింది. పొట్లం ఒళ్ళో పెట్టుకుని, కత్తెర చేత్తో పట్టుకుని, కత్తిరించడం మరిచిపోయి వింటోంది. పొయ్యి మీద కొబ్బరి దగ్గరపడుతోంది.

“ఇక నన్ను మేడ మీద కుర్చీ వేసి కూచోబెట్టారు. గాలికి నాలుక చాపితే చాలు, నది అవతల ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో తెలిసిపోయేది. ఓ రోజు ఓ పెళ్ళి కూరలో ఉప్పు మరిచారు. ఇక్కణ్ణించి ఫోను చేయించాను. అక్కడ పెళ్ళికొడుకు కంచం ముందునుంచి సగం లేచాడట. ఫోను అందింది, ఉప్పు పడింది, పెళ్ళి నిలబడింది. ఇప్పుడు వాళ్ళకి మనవలు. దాంతో ఇంత విలువైన నోటికి ఏమైనా అయితే ఎలా అని ఇద్దరు పోలీసుల్ని కాపలా పెట్టారు. ఆవలించాలంటే సంతకం చెయ్యాలి నేను.”

“మరి అన్నం ముద్ద నోట్లో ఎలా పెట్టుకునేవారు?” అంది టీచరమ్మ.

“ముద్దకి సెల్యూట్ కొట్టి లోపలికి వదిలేవారు. ఇదంతా ఒక ఎత్తు. ఓ రాత్రి ఉక్కపోస్తోందని డాబా మీద వెల్లకిలా పడుకున్నాను. నోరు తెరిచి ఉందో ఏమో, నాలుక మీద వెన్నెల పడింది. ఉలిక్కిపడి లేచాను. ఏమిటనుకున్నారు? చంద్రుడు ఆ వెనక వైపు కాస్త మాడాడు. వండినవాళ్ళెవరో తిప్పడం మరిచారు. అందుకే ఆ వైపు మనకి చూపించరు.”

చెప్తూ చెప్తూనే వంటమాస్టరు గరిటె కొసతో కాస్త తీసి, ఊదుకుని, నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. “ఆహా. తీపి అద్దినట్టు కుదిరింది. ఇక ఒక్క పలుకు పడినా చెడుతుంది. దించెయ్యండి.”

టైలరమ్మ ఒళ్ళోంచి పొట్లం ఎత్తి అందరికీ చూపించింది. “అన్నయ్యా, పంచదార ఇంకా వెయ్యనే లేదు.”

పోస్టుమేన్ బల్ల చరిచి నవ్వాడు. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

“వెయ్యబోయేది కూడా ముందే తెలుస్తుంది చెల్లెమ్మా, అదీ నాలుకంటే,” అన్నాడు వంటమాస్టరు. వాళ్ళిద్దరూ ఇంకా నవ్వారు. ఆ వారానికి సరిపడా వినోదం దొరికిందనుకుని పళ్ళాలు కడగడానికి కుళాయి దగ్గరకి పోయారు.

టైలరమ్మ పొట్లం కత్తిరించి పంచదార పోసింది. వంటమాస్టరు కలిపాడు, బాగా కరగనిచ్చాడు, ఎవరూ చూడట్లేదనుకుని ఇంకోసారి నోట్లో వేసుకున్నాడు. మింగకుండా, గోడ వైపు చూస్తూ చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. మొహంలో ఏమీ కదల్లేదు. ఈ మధ్య ఆయన ఏది చేసినా ముందు పక్కవాళ్ళ చేతిలో పెట్టి, ఎలా ఉందని అడిగాకే తను నోరు విప్పడం ఆమెకి అప్పుడు తట్టింది.

“ఎన్నాళ్ళనుంచి అన్నయ్యా?” అంది మెల్లగా.

ఆయన బుకాయించలేదు. పొయ్యి ఆర్పాడు. “వానల్లో జ్వరం పడ్డాను చూడు. జ్వరం పోతూ పోతూ ఇది పట్టుకుపోయింది. ఉప్పూ పంచదారా ఒకటే నాకు. డాక్టరు మొదట్లో వస్తుందేమో అన్నాడు. ఇప్పుడు అలవాటు చేసుకోమంటున్నాడు.”

“మరి తిండి?”

“గడియారం చూసి తింటున్నాను.” గరిటె అంచుకి అంటిన కొబ్బరిని వేలితో తీసి గిన్నెలో వేశాడు. “మీ వదిన పోయిన మర్నాడు ఎవరో అన్నం పెడితే, కూరలో ఉప్పెక్కువైందని తెలిసింది నాకు. ఇంత కష్టంలో ఇది కూడా తెలియాలా అని సిగ్గేసింది. ఇప్పుడు ఆ ఉప్పైనా తెలిస్తే చాలనిపిస్తోంది.”

“నలుగురిలో అనకుండా ఉండాల్సింది నేను.”

“నువ్వనకపోతే అందరికీ చప్పిడి కొబ్బరి పెట్టి పంపేవాణ్ణి. అన్నందుకేం లేదు. కానీ వాళ్ళకి చెప్పకు. అందరూ పాపం అంటారు. పాపం అనిపించుకుంటూ ఈ మెట్లెక్కలేను.”

చెప్పనంది. ఇద్దరూ బల్ల చివర కూచుని చేతులకి నెయ్యి రాసుకుని ఉండలు చుట్టడం మొదలుపెట్టారు. ఆమె చుట్టినవి అన్నీ ఒకే కొలతకి వచ్చాయి, ఆయనవి కాస్త పెద్దవి. కుళాయి దగ్గర పోస్టుమేన్ రైలు కూత పెట్టి చూపిస్తున్నాడు, టీచరమ్మ నవ్వుతోంది.

ఆమె ఒకటి నోట్లో వేసుకుంది.

“ఎలా ఉంది?” అన్నాడు వంటమాస్టరు.

“బాగుంది అన్నయ్యా.”

“బాగుందంటే?”

“తియ్యగా ఉంది.”

“అది పొట్లం మీద చూసినా తెలుస్తుంది. కాస్త కోతలు కొయ్యవమ్మా, నాకు అందేలా.”

టైలరమ్మ జన్మలో కోతలు కోసిన మనిషి కాదు. జానెడంటే జానెడే అనేది. ఉండని బుగ్గన పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

“నోట్లో పెట్టుకోగానే మా వీధి తలుపు తెరుచుకుంది,” అంది. “తాళం వేసే వచ్చాను, అయినా తెరుచుకుంది. వంటింట్లో దీపం వెలిగింది. మా ఆయన లోపల్నుంచి, ఇంత ఆలస్యమైందేం అని కేకేశాడు.”

వంటమాస్టరు పళ్ళెంలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాడు.

“ఊఁ,” అన్నాడు. “చెప్పు.”