పదిహేడో నంబరు

షిఫ్టు పనివాళ్లకు నిద్రవేళలు తప్పితే మనసు ఎలా కుంగుతుందో తను రాసిన వ్యాసం అచ్చయిందని, మనోవైద్య పరిశోధకురాలు ఆ పత్రిక పట్టుకుని వదిన ఇంటికి వచ్చింది.

“ఇందులో మీ అన్నయ్య ఉన్నారా?” అంది వదిన.

“పేర్లుండవు వదినా. పదిహేడో నంబరు అన్నయ్యే.”

“ఏం రాశావు?”

“వారం వారం షిఫ్టు మారేసరికి మూడో నెలకే నిద్ర గాడి తప్పింది. మనిషి కుంగిపోతున్నాడని స్పష్టంగా తెలుస్తోంది.”

“ఆయన ప్రాణం తీసుకున్నది ఆరో నెలలో.”

ఆమె పత్రిక మూసేసింది.

“డాక్టరు దగ్గరికి వెళ్దామని ఎంత పోరినా వినలేదు. నువ్వు చేతికి కట్టిన ఆ నిద్ర కొలిచే పట్టీ చూపించి, ‘చెల్లి అంతా చూస్తూనే ఉంది, తేడా వస్తే తనే ఫోన్ చేస్తుంది’ అనేవారు. చూస్తూనే ఉన్నావా?”

“అందరివీ పూర్తయ్యేదాకా ఆ పట్టీల లెక్కలు తెరవకూడదు వదినా. పరిశోధనలో అదే నియమం.”

“మరి ఎప్పుడు తెరిచావు?”

“అన్నయ్య పోయిన నాలుగు నెలలకి.”

“తెరవవని ఆయనకి చెప్పావా?”



“కాగితంలో రాసి ఉంది. చదివి సంతకం పెట్టమన్నాను.”

“నువ్విచ్చావు కదా అని చదవకుండానే పెట్టారమ్మా.”