కంటికొలత చక్రాలు

చక్రాల షాపు పెద్దన్న టీగ్లాసు పట్టుకుని బెంచీ ఎక్కాడంటే ఇక ఆ పూట పని అయినట్టే. తమ్ముడు పక్కనే జాకీ తుడుస్తున్నాడు. అన్నయ్య కోతలు వాడికి కొత్త కాదు. వాడి చూపంతా ఎదురుగా కూర్చున్న టాక్సీ డ్రైవరు మీదే ఉంది. చక్రాలు మార్పించుకుని, రేపు తల్లినీ పెళ్ళాం బిడ్డల్నీ ఎక్కించుకుని దూరం వెళ్ళాలట ఆయన.

"ఆఫ్‌సెట్ అంటే ఏంటనుకున్నావ్? చక్రం లోపలికెంత కూర్చోవాలి, బయటికెంత రావాలి, అంతే! దానికి చక్రం వెనకాల అంకె చూసేవాడూ ఓ మేస్త్రీయేనా? నాకు ఒక్క చూపు చాలు. ఓసారి ఒకాయన కారు చూసి 'ఐదు మిల్లీమీటర్లు తేడా' అన్నా, కొలిస్తే సరిగ్గా ఐదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీ ఇంజినీర్లు పదిమంది దిగి నా కళ్ళకి గంతలు కట్టారు. కారు మలుపు తిరిగిన చప్పుడు విని చెప్పేశా!"

"అబ్బో!" అన్నాడు గ్లాసు కోసం నిలబడ్డ టీకొట్టాయన.

"అప్పుడే అబ్బో అంటే ఎలా బాబాయ్? పైన విమానం పోతోంది. 'ఒరేయ్, కుడి చక్రం బయటికొచ్చింది' అని ఇక్కణ్ణుంచే కేకేశా. పైలట్ వెనక్కి తిప్పుకొచ్చి కాళ్ళమీద పడ్డాడు! అంతెందుకు, భూమి పక్కకి వాలి తిరుగుతోందంటారే, అదీ ఆఫ్‌సెట్ తేడాయే. చేతికి అందదు గానీ, అందితే సరిచేసేవాణ్ణి."

అందరూ పగలబడి నవ్వారు. తమ్ముడు మాత్రం జాకీ తుడవడం ఆపేశాడు.

డ్రైవరు కూడా నవ్వుతూనే తాళాలు బల్లమీద పెట్టాడు. "ఇంకేం అన్నా, నా బండికీ అలాగే ఓ చూపు చూసి వేసెయ్."

"బావ కారు సంగతి కూడా చెప్పన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

పెద్దన్న టీగ్లాసు పక్కన పెట్టాడు. "అది... రోడ్డు మీద గుంత..."

"గుంతా లేదు, గాడిదగుడ్డూ లేదు. కంటికొలతతోనే వేశావు. ఖాళీ కారు జాకీ మీద పెట్టి, స్టీరింగు అటూ ఇటూ తిప్పి, 'ఎక్కడైనా తగిలిందా?' అని రొమ్ము విరుచుకున్నావు. బోల్టులు బిగించిన పాపిష్టి చెయ్యి నాదే. మనుషులెక్కితే బండి కిందికి దిగుతుందన్న ఇంగితం ఇద్దరికీ లేకపోయింది. మలుపులో టైరు పైనున్న మడ్‌గార్డు రేకుకి ఒరుసుకుని పేలిపోయింది."

డ్రైవరు తాళాలు తీసేసుకున్నాడు. "బండిలో ఎంతమంది ఉన్నారు?" అనడిగాడు మెల్లగా.

"నలుగురు. అక్కా, పిల్లలిద్దరూ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు."