ఆగ్నెస్‌కి డైలాగ్ లేదు

"ఆంటీ, మీ డ్రామా కమిటీ వాళ్లే ఆగ్నెస్ నోరు నొక్కేశారు!"

డబ్లిన్ చర్చి హాలులో రేపటి పండుగ నాటకానికి రిహార్సల్ జరుగుతోంది. పూర్వం రోమ్‌లో క్రీస్తు కోసం ప్రాణాలిచ్చిన పునీత ఆగ్నెస్ వేషం వేసిన అమ్మాయి చేతిలోని గొర్రెపిల్ల బొమ్మను బల్ల మీద పడేసింది.

"అదేంటే? మెయిన్ రోల్ నీదేగా!"

"గవర్నర్‌కి పన్నెండు డైలాగ్స్. నాకు జీరో! తల వంచుకుని నిలబడాలంట."

"వినయంగా బాగుంటుందని..."

"వినయమా? గవర్నర్ కొడుకుని పెళ్లి చేసుకోను అన్నందుకే కదా చంపేశారు! ఆమెకీ నాలాగే పదమూడేళ్లు, ఆంటీ!"

"పెద్దాళ్లకి ఎదురుచెప్పే సీన్ చూస్తే పేరెంట్స్ ఏమంటారో అని ఆ డైలాగ్స్ కొట్టేశామమ్మా."

"ఆమె కత్తికే భయపడలేదు. మీరు మా మమ్మీకి భయపడ్డారా?"

"అబ్బ, ఏం నోరే నీది!"

"అదే నోరు ఆగ్నెస్‌కి ఇవ్వండి. పెన్ తీసి రాయండి: 'క్రీస్తుకి మాటిచ్చాను, చేసుకోను.' ఇప్పుడే రాయండి! మైక్ కూడా నాకే కావాలి."