రెడ్డి ఎర్రకారు బేరం

దస్తగిరి అని టింకరింగు మేస్త్రి ఉండె మన పక్కూర్లో. దూదేకులాయన. రేకు మీద ఆయప్ప సుత్తి పడిందంటే, ఇక్కడ సొట్ట అనేది ఉండిందా అని నీకే అనుమానం రావాల, అంత పనోడు. చెనక్కాయలు వొలుస్తా వినండి, చేతికి పని ఉంటే ఈ కత తట్టుకోవచ్చు. ఆ ఊరి ఓబులరెడ్డికి ఒక ఎర్రకారు ఉండె. మామూలు కారు కాదబ్బా. ఇద్దరే కూచునేది, పందేల్లో పరిగెత్తేదానికని పరదేశంలో చేసిండేది. వాళ్ళ నాయన ఓడలో తెప్పించినాడంట. అట్లాంటివి మన దేశం మొత్తానికి మూడో నాలుగో ఉన్నాయంటారు. దానికి వైద్యుడు దస్తగిరే, మంత్రసాని దస్తగిరే. ముప్పై ఏండ్లు రెడ్డి షెడ్డులోనే ఆయప్ప బతుకు తెల్లారిపాయె.

ఏమైందంటే, రెడ్డికి కండ్లు మందగించినాయి, కారు తోలేవాళ్ళు లేరు. అమ్మేయండి రెడ్డా, అమ్మేయండి అని రెండేండ్లు చెవినిల్లు కట్టుకుని పోరింది ఎవరనుకున్నారు? దస్తగిరే. పాపం ముసిలోడయిపాయె, చాకిరి చేయలేక అంటాండాడు అని ఊర్లో అనుకునేది. అది కాదు. ఆ కారును చూస్తే ఆయప్పకు అన్నం దిగదు. ఎందుకో చెప్తా, మీలోనే పెట్టుకోండి. ఇరవై రెండేండ్ల కిందట ఆయప్పకు వన్నూరమ్మ అని ఒక్కతే కూతురు, ఎనిమిదేండ్లది. ఒకరోజు ఆ కారు ఇంజను మొత్తం విప్పి బిగించినాడు. ఎట్లా పోతాదో చూద్దాం రా అని రెడ్డి ఆయప్పను పక్కన కూచోబెట్టుకున్నాడంట. రోడ్డు మీద ఎవరూ లేరు, గాలి మొగానికి కొడతాంది. తన చేతిపని అట్లా పరిగెత్తుతుంటే ఏ పనోడికైనా మతి ఉంటుందా? ఇంకొంచెం తొక్కండి రెడ్డా, ఇంకొంచెం, అన్నాడంట దస్తగిరి. తొక్కినాడు రెడ్డి. చింతచెట్ల మలుపు తిరిగేసరికి పాప రోడ్డు దాటుతాంది. అంతే. ఆ తర్వాతది నేను చెప్పలేను, మీరే అనుకోండి.

రెడ్డి దస్తగిరి కాళ్ళు పట్టుకున్నాడు. దస్తగిరి మాత్రం ఏమంటాడు? తొక్కమనింది తన నోరే గదా. ఏదో లారీ కొట్టేసి పోయిందని ఇద్దరూ ఊరికి చెప్పినారు. ఊరు నమ్మింది. తల్లి హుసేనమ్మ నమ్మింది. పాపను మట్టి చేసినారు. కారు ఎడమపక్క మడ్గార్డు లోపలికి పోయిండె. దాన్ని దస్తగిరే కొట్టి, లప్పం పూసి సరిజేసి, రంగేసినాడు. ఏ కొడుకూ కనిపెట్టలేడు, అంత బాగా చేసినాడు. ఆ చేతులకు ఆ పని ఎట్లా చేతనయిందో నాకిప్పటికీ అర్థం కాదు. తిట్టాలంటే మాత్రం నోరు రాదు. తేలు కుట్టిన దొంగ మాదిరి ఇన్నేండ్లు ఆయప్ప నోరు మెదపలా. కారు ఊరు దాటిపోతే చాలు, హుసేనమ్మకు తెలీకుండానే తాను మట్టిలోకి పోవచ్చు, ఇదీ ఆయప్ప ఆశ.

సరే, బెంగళూరు నుంచి విలువ కట్టే ఆయన వచ్చినాడు. ఇట్లాంటి పాత కార్లు కూడబెట్టే సావుకారు పంపించినాడంట. మెత్తగా మాట్లాడే మనిషి. కారు చుట్టూ మూడుసార్లు తిరిగినాడు, కిందకి దూరి నంబరు చూసినాడు. సరుకు నిజమైందే, దెబ్బ తగలకుండా పుట్టినప్పటి రేకుతోనే ఉంటే మీరు అడిగినంత ఇస్తాం అన్నాడు. ఒక గీత కూడా పళ్ళేదు అన్నాడు రెడ్డి. సరిగ్గా అప్పుడే హుసేనమ్మ చెంబుతో మజ్జిగ తీసుకుని వచ్చింది. రావద్దని దస్తగిరి పొద్దున చెప్పే వచ్చినాడు. వినిందా? ఊరికి కొత్త మనిషి వస్తే నోరు తడపకుండా పంపిస్తామా అని వచ్చింది, మహాతల్లి.

బెంగళూరాయన జోబీలోనుంచి దారానికి కట్టిన సూదంటురాయి తీసినాడు. రేకయితే టక్కున పట్టుకుంటాది, లప్పం పెట్టి పూడ్చింటే పట్టదు. తలుపు కాడ టక్. వెనకపక్క టక్. బానెట్టు మీద టక్. ఎడమ మడ్గార్డు మీద పెట్టినాడు, జారింది. మళ్ళా పెట్టినాడు, మళ్ళా జారింది. "మేస్త్రీ, పని గొప్పగా ఉంది. కానీ ఇక్కడేదో తగిలింది. ఏం తగిలిందో చెప్పండి, ధర కొంచెం తగ్గుతుంది, అంతే. దాచిపెడితే బేరమే లేదు" అన్నాడు. రెడ్డి నేల చూస్తాండాడు. దస్తగిరి పెండ్లాం పక్క చూడకుండా, "బర్రె తగిలింది సామీ" అన్నాడు.

కన్నకూతుర్ని బర్రె అన్నాడబ్బా. బెంగళూరాయన కాయితం మీద రాసుకున్నాడు కూడా. గండం గడిచిందనుకున్నాడు దస్తగిరి. "ఎవరి బర్రె?" అనింది హుసేనమ్మ. ఊరికే అడిగింది, మనసులో ఏమీ లేదు. ఏ బర్రె ఎవరిది, ఎప్పుడు ఈనింది, ఎప్పుడు పోయింది, మన ఆడోళ్ళకు అన్నీ ఎరికే గదా. రెడ్డేమో మాట మళ్ళించాలని, "ఎప్పటిదోలే హుసేనమ్మా, ఇరవై రెండేండ్లు దాటిపాయె" అన్నాడు. ఆ నోటికి తాళమేసుకున్నా బాగుండు. ఆయమ్మ చెంబు కింద పెట్టింది. "ఇరవై రెండేండ్లంటే మా వన్నూరు పోయిన ఏడు. ఆ ఏడు ఎవరి బర్రె చచ్చింది రెడ్డా? నీ కారు కింద బర్రె పడితే, బర్రె గలవాడు వచ్చి నీ గడపలో కూచోడా? పంచాయితీ పెట్టడా? బర్రె పోతే అడిగేవాళ్ళుంటారు" అనింది.

ఆయమ్మ పోయి ఆ మడ్గార్డు మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరింది. నున్నగా ఉండాది. "ఎన్ని దినాలు పట్టింది దీనికి?" అని మొగుణ్ణి అడిగింది. మూడు అన్నాడు. "ఆ మూడు దినాలు, బిడ్డ పోయిన బాధకు పనిలో తల పెట్టుకున్నాడులే అనుకున్నా. అన్నం కలిపి తెచ్చి నీకు ముద్దలు పెట్టినా, ఈడ్నే" అనింది. ఇంటి దావ పట్టి నడిచింది. తొక్కమనింది నేనే హుసేనమ్మా, అన్నాడు వెనకనుంచి. వినిందో లేదో, తిరిగి చూళ్ళేదు.

కారు అమ్ముడుపాయె. ధర కొంచెమే తగ్గింది, రిపేరీ అంత బాగుందని. హుసేనమ్మ పోలీసులకు చెప్పలేదా అంటావా? ఏమని చెప్తాది నాయనా, కాయితం మీద బర్రె అని రాసి సంతకాలు కూడా అయిపోయినాయి. మొగుణ్ణి వదిలి పోలేదు ఆయమ్మ. వండుతాది, కంచం ఆయప్ప ముందర పెడతాది, మాట్లాడదు. ఆయప్ప తింటాడు. నన్నడిగితే, దస్తగిరి పని చేతగానోడయింటే బాగుండు. ఆ సొట్ట అప్పుడే కనపడిపోయి, ఆ తల్లి ఏడ్చేదేదో అప్పుడే ఏడ్చుండు, పక్కన మొగుడన్నా మిగిలుండు.