ఆదెమ్మ పేరు చెక్కించిన లైనరు

ఆదెమ్మకి ఈ లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదంట. మొగుడు పోయి పదేళ్ళు, ఒక్కతే సేద్యం చేసుకుంటా నెగ్గుకొచ్చింది, ఆ మాత్రం జాగ్రత్త ఉండదా అంటే ఉంటది, నేను కాదన్ను. కానీ ఈవిడది మరీ చోద్యం. చెంబు మీద పేరు, బిందె మీద పేరు, గరిటె కాడ మీద పేరు, ఆఖరికి రోకలి పొన్ను మీద కూడా పేరు కొట్టించింది. నవ్వబాకండి, నేను నా కళ్ళతో చూశా. ఏమైందంటే, ఆ ఏడు వాగొడ్డున రెండెకరాలు మిరప వేసింది. తోట పూత మీదుంది, వాన చుక్క లేదు. వాగు నీళ్ళు తోడటానికి మొగుడు కొన్న పాత ఆయిలింజను ఒకటుంది, రెండు సిలిండర్లది. అదేమో దగ్గుతా దగ్గుతా నల్లటి పొగ కక్కి ఓ పొద్దున ఆగిపోయింది. వారంలోపు తడి పెట్టకపోతే పూతంతా రాలిపోద్ది. పూత పోతే ఇంక ఆ ఏడు ఆవిడకి తిండి లేదనుకో.

సరే, కాలేషా అని మేస్త్రీ, యాభై ఏళ్ళ మనిషి, నోట్లో మాట బయటికి రాదు, ఆయన్ని పిలిపించింది. ఆయన ఇంజను మూత విప్పి, లోపల వేలు తిప్పి, అక్కా, లైనర్లు అరిగిపోయినయ్, పిస్టన్లు ఆడే గొట్టాలివి, వదులై బలమంతా పక్కల నించి పోతంది, రెండూ మార్చాల్సిందే అన్నాడంట. ఆదెమ్మ వంగి చూసింది. అద్దంలా మెరుస్తన్నయ్. ఇంత మెరిసేదాన్ని అరిగిందంటాడేంది, నా లైనర్లు ఊడబీకి ఇంకెవరి ఇంజనుకో వేస్తాడు కావాల అనుకుంది. అనుకుని, పీటేసుకుని ఇంజను పక్కనే కూర్చుంది. ఆయన లైనరు చుట్టూ కిరసనాయిలు పోసి కాసేపు నాననియ్యాలి అంటే, పని ఎగ్గొట్టటానికి ఎత్తు అనుకుంది. కింద నించి చెక్కదుంగ పెట్టి సుత్తితో దబదబా కొడతంటే, అయ్యో అయ్యో, పగలగొట్టి కొత్తింజను కొనిపిస్తాడు అని గుండెలు బాదుకుంది. ఎట్టాగో పొద్దు వాలేలోపు పాత లైనర్లు రెండూ బయటికొచ్చినయ్. ఆయన చేతులు కడుక్కోటానికి వాగులోకి దిగాడో లేదో, ఈవిడ ఆ రెండూ గంపలో వేసుకుని, ఇంటికి మోసుకెళ్ళి వడ్ల గాదెలో పూడ్చిపెట్టింది! పెట్టి, తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు, ఏందబ్బాయ్, నా పాత లైనర్లు ఏవి అని అడిగింది. ఎందుకో తెలుసా, ఆయన మొహం రంగు మారుద్దేమో చూద్దామని. మారదా మరి? దొంగవా అని అడిగినట్టుంటే ఎవరి మొహమైనా మారుద్ది. పాపం ఆ మనిషి, ఇక్కడే పెట్టానే అక్కా, ఇక్కడే పెట్టానే అనుకుంటా జమ్ములో దిగి కాళ్ళు కోసుకుంటా వెతికాడు. దారిన పొయ్యేవాళ్ళు ఆగి మరీ చూశారు. ఈవిడేమో, చూశారా, చూశారా, మొహం ఎట్టా పాలిపోయిందో అని అందరికీ చెప్పింది. ఆయన చీకటి పడేదాకా వెతుకుతానే ఉన్నాడు.

మర్నాడు శుక్రవారం. కాలేషా పొద్దున్నే ఒంగోలు పొయ్యి కొత్త లైనర్లు తెచ్చిచ్చి, మధ్యాన్నం నమాజుకి పోయాడు. అవి రెండూ ఆదెమ్మ ఇంట్లోనే ఉన్నయ్, ఆయన దగ్గరుంచిద్దా ఏంది! సరిగ్గా అప్పుడే గిన్నెలకి పేర్లు కొట్టేవాడు సైకిలేసుకుని బజార్లో కేకేసుకుంటా వచ్చాడంట. ఇంకేముంది, వాణ్ణి పిలిచి లైనరు ముందు పెట్టింది. బయట కొట్టనా అమ్మా అన్నాడు వాడు. ఛీ, బయట కొడితే ఇంజన్లో దిగినాక నాకెట్టా కనపడుద్ది, లోపల కొట్టు, మూత తీస్తే నా పేరు నాకు కనపడాల అంది. ఆవిడ తెలివి చూశారా! వాడు టకటకా ‘బ. ఆదెమ్మ’ అని లోతుగా దిగేశాడు. రెండోదానికొచ్చేసరికి ఉలి మొండిపోయింది, ఈ ఇనుము నావల్ల కాదు తల్లీ అని లేచిపోయాడు.

కాలేషా తిరిగొచ్చేసరికి ఈవిడ లైనర్లు రెండూ ఇంజను దగ్గరికి మోసుకొచ్చింది. ఒళ్ళు రుద్దుకునే సబ్బు ముక్కుంటే ఇవ్వక్కా అన్నాడు. నా సబ్బుతో నువ్వు తానం చేస్తావా అంది. కాదక్కా, కింద ఈ రబ్బరు రింగులుండయ్యే, వీటికి నురగ రాస్తే నలక్కుండా జారిద్ది అని, పేరు లేనిది ముందు చేతికొస్తే దాన్ని రెండు చేతులా నొక్కాడు, సర్రున దిగిపోయింది. ఇంకోదాన్ని తీసుకుని గుడ్డతో తుడుస్తా, లోపల బొటనేలు తిప్పాడు. ఏలు ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అక్కడే ఆగింది. ఎవరక్కా ఈ పని చేసింది అన్నాడు. నేనే, నా సొమ్ము మీద నా పేరు నేను కొట్టించుకున్నా, నీకేంది నొప్పి అంది. ఆయన అట్టాగే నేల మీద కూలబడి, ఇదింక పనికిరాదక్కా, పిస్టనుకుండే ఇనప రింగులు ఈ అక్షరాలకి తగిలి ఇరిగిపోతయ్, బలమంతా ఈ గాట్లలో నించి పోద్ది అన్నాడు. ఓహో, ఇంకోటి కొనిపిచ్చే ఎత్తా, పేరు కొడితే నా బిందె కారతందా, నా చెంబు కారతందా అని లేచింది ఆదెమ్మ. నీ ఏలే పెట్టి చూడక్కా అన్నాడు కాలేషా. ముందు ఇంజన్లో దిగినదాంట్లో పెట్టింది. నున్నగా, ఎక్కడా ఆగకుండా, గుండ్రంగా తిరిగొచ్చింది ఏలు. తర్వాత తన పేరున్నదాంట్లో పెట్టింది. గరగరా గీరుకుని ఆగింది. ఆవిడకి చదువు రాదు, కానీ ఆ ఏలికి తెలిసిపోయింది.

ఇంకోటి దొరకదా అబ్బాయ్ అంది. ఈ ఇంజనుకి సరుకు రావటం మానేసి చాలా ఏళ్ళయింది అక్కా, ఈ రెండూ ఒంగోలు అంతా తిరిగి ఒక పాత షాపులో ఏరుకొచ్చా అన్నాడు. అని, నిన్న తీసిన పాతవే ఉంటేనా, ఒకటి మంచిది చూసి, అరిగిన వైపు పిస్టను ఒత్తుకోని పక్కకి పోయేట్టు పావు చుట్టు తిప్పి దించితే ఈ పంటకి లాగేది, నేనే ఎక్కడో పోగొట్టా, నాదే తప్పు అన్నాడంట. నాదే తప్పు అన్నాడయ్యా! ఆదెమ్మ తోట వంక చూసింది. ఆకు తలకాయ వాల్చేసింది, చెట్ల కింద రాలిన పూత తెల్లగా కనపడతంది. చెప్తే పరువు పోద్ది, చెప్పకపోతే తోట పోద్ది. ఇంటికెళ్ళింది. గాదెలో చెయ్యిపెట్టి రెండూ తీసి, గంపకెత్తుకుని, నిన్న ఎవరెవరికి చెప్పిందో వాళ్ళందరి ముందు నించే నడిచొచ్చి కాలేషా ముందు దించింది. ఆయన ఎక్కడివి అని అడగలా. సందుల్లో ఇరుక్కున్న వడ్లగింజలు ఊదేసి, రెండిట్లో నయమైంది ఏరుకుని, రాయితో లోపల సాపు చేసి, పావు చుట్టు తిప్పి దించాడు.

మర్నాడు మధ్యాన్నానికి ఇంజను పలికింది. కొంచెం పొగొచ్చింది గానీ నీళ్ళు దబదబా కాలవలో పడ్డయ్. తోట దక్కింది. ఆదెమ్మ ఆ నీళ్ళల్లో నిలబడి ఏడ్చింది, సంతోషమే అది. ఏడ్చి, కాలేషాకి ఏదో ఒక మంచి మాట చెప్పాలని వెనక్కి తిరిగిందంట. తిరిగితే ఏం చూసింది? ఆయన తన సంచి గట్టు మీద బోర్లించి, పానాలు, సుత్తి, మసిగుడ్డ అన్నీ వరసగా పేర్చి, ఆఖరికి అన్నం గిన్నె మూత కూడా తీసి పెట్టి నిలబడ్డాడు. ఇదేంది కాలేషా, నేనడిగానా అంది. అడగలేదు లేక్కా, రేపు ఏదన్నా కనపడకపోతే మళ్ళీ మనసులో నన్ననుకుంటావు, ఇప్పుడే చూసుకో, ఇద్దరికీ బాధుండదు అన్నాడు. గొంతులో కోపం లేదంట, వెటకారం లేదంట. ఆదెమ్మకి తల కొట్టేసినట్టయి, చూడలేక మొహానికి కొంగు కప్పుకుంది.

నన్నడిగితే ఆ కాలేషా నాలుగు బూతులు తిట్టి పొయ్యుంటేనే బాగుండేది. ఆయన నాలుగు తిడితే ఆవిడ తొమ్మిది తిట్టి, ఇంత అన్నం తిని, హాయిగా పడుకునేది.