నీరుగంటి కాల్లో జమ్ముగడ్డ

నీరుగంటి ఓబులేసు ఉండె. నీరుగంటి అంటే తెలుసు కదా, చెరువు నీళ్లు ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూసేవాడు. కాలవలో ఏదన్నా అడ్డంపడిందంటే చాలు, గడ్డపారతో ఒక్క పోటు పొడిచి తోసేసేవాడంట. అదీ వాని విద్య! అట్లాంటోడు ఏమైందంటే, కట్ట మీద జారిపడి మడమ విరగ్గొట్టుకున్యాడు. పిండికట్టు వేసి నెల దినాలు మంచంలో పండబెడితే, కట్టు విప్పేనాటికి పిక్క సొరకాయ మాదిరి వాచింది, పట్టుకుంటే కాలుతాంది. నవ్వొద్దు తిమ్మప్ప మామా, నీ పిక్కలూ ఏం తక్కువ లేవులే.

సరే, పెద్దాసుపత్రికి తీసుకపోయినారు. డాక్టరు మిషను పెట్టి చూసి, ఇది థ్రాంబోసిస్, రక్తం గడ్డకట్టి నాళానికి అడ్డంపడింది, సూదులేస్తాం, కాలు మాత్రం ఎవరూ పిసకొద్దు అని చెప్పి పోయినాడంట. ఆయన అట్ల తిరిగినాడో లేదో, మనోడు బామ్మర్దిని పిలిచి, "ఒరే పుల్లన్నా, వింటివి గదా, అడ్డంపడిందంట. అంతేగదా! ఎక్కి తొక్కరా, జారిపోతాది" అన్యాడు. బావను తొక్కమంటే ఏ బామ్మర్దికి చేదు, మీరే చెప్పండి! చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, మంచం ఎక్కినాడనుకో.

అప్పుడే గంజి గిన్నెతో వచ్చింది ఓబులేసు పెండ్లాం సుంకులమ్మ. వెనకాలే సూది పట్టుకుని నర్సమ్మ హసీనా. "దిగురా కోతీ!" అని సుంకులమ్మ ఒకటే అరుపంట. హసీనా అయితే, ఆ గడ్డ ఊడిందంటే రక్తంలో కొట్టుకపోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది, దాన్ని ఎంబాలిజం అంటారు, ప్రాణమే పోవచ్చు అనింది. ఓబులేసు నమ్మితే గదా! "నలభై ఏండ్లు కాలవలు తీసినోన్ని, నాకు చెప్తావా తల్లీ?" సుంకులమ్మ తగులుకుంది: "తీసినావులే! మొన్న వానలకు పైకాలవలో జమ్ముగడ్డ పడితే ఏం చేస్తివి? పొడిచి తోస్తివి. అది యాడికి పాయ? తేలుకుంటా పోయి కింద తూములో ఇరుక్కునె. ఒక్క మడికి అడ్డమున్నది ఊరి మడులన్నిటినీ ఎండబెట్టె. మూడు దినాలు నిన్ను తిట్టనోడుండాడా?"

ఓబులేసు కాలు దిక్కు చూస్తాడు, రొమ్ము దిక్కు చూస్తాడు. "అయితే హసీనమ్మా, ఉన్నకాడే ఉంటే థ్రాంబోసిస్సు, కొట్టుకపోయి ఇంకోకాడ ఇరుక్కుంటే ఎంబాలిజమా?" "అంతే చిన్నాయనా." "ఒరే పుల్లన్నా, దిగురా దిగు! నా తూము ఈడుంది" అని రొమ్ము పట్టుకున్యాడంట.

సూదులకూ మాత్రలకూ గడ్డ మెల్లిమెల్లిగా కరిగిపాయ, వాపూ దిగె. ఇప్పుడు కాలవలో జమ్ము పడితే గడ్డపార ముట్టడు. దిగి, కోసి, మోపులు కట్టి గట్టు మీదికి ఎత్తిస్తాడు. ఎవడన్నా కాలితో తన్నబోతే, "ఆగరా! ఇప్పుడది థ్రాంబోసిస్. తన్నినావంటే ఎంబాలిజం అయితాది!" అని కేకలు. మా ఊర్లో గొర్లు కాసేవానికి కూడా ఆ రెండు మాటలూ వచ్చునంటే చూడండి. పుల్లన్నే పాపం. బావను తొక్కే యోగం కాలిదాకా వచ్చి తప్పిపాయనే అని ఇప్పటికీ అంగలారుస్తాండాడంట.