నూటొక్క కాయలడిగిన కారు

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. ఐదో తరగతి దాకా చదివా, ఆ తర్వాత సంతకం పెట్టటానికి తప్ప పెన్ను పట్టిందే లేదు. ఇది మా చిన్నత్త చెప్పిన కథ. పొగాకు కాల్చే కొట్టం, బ్యారన్ అంటాం, దాని ముందు పదిమందిమి కూర్చుని కర్రలకి ఆకు గుచ్చతా ఉంటే చెప్పింది. ఆమె నోట్లోంచి ఎట్టా వచ్చిందో అట్టనే రాస్తన్నా. తప్పులుంటే నాయి, నవ్వొస్తే అది ఆమెది.

ఆదెమ్మ అని ఒకామె. ఎంత నెమ్మదస్తురాలంటే, చేతిలో గింజలు పట్టుకుని పిలిస్తే కోళ్ళకి కూడా ఇనపడేది కాదంట. నలుగురున్న కాడ మాట్లాడాలంటే కొంగు నోట్లో కుక్కుకునేదనుకో. ఆమె మొగుడు మాలకొండయ్య. ఆయనకో కారుంది. ఇరవై రెండేళ్ళ కారు, తెల్లది, అంటే ఒకప్పుడు తెల్లది. వాళ్ళకి పొలం అదే, పాడి అదే. కందుకూరు నుంచి ఆ ఊరి బడికి వచ్చే టీచరమ్మలు నలుగురుంటే, పొద్దున్నే పోయి తీసుకొచ్చేది, సాయంత్రం దించొచ్చేది. ఆ నలుగురి మీదే ఇల్లు నడిచేదనుకోండి. ఒమే, ఆ ఆకు తిరగేసి గుచ్చు, ఇంటా గుచ్చు. ఏమైందంటే, ఒక రోజు కారులో స్టీరింగు ఎనకమాల పసుప్పచ్చ లైటు ఎలిగిందంట. ఇంజను బొమ్మ ఉంటది చూడండి, అది. పసుపు రంగు గదా, మంచిదే అయ్యుంటది అనుకుందంట ఆదెమ్మ. మంచిది యాడ! చెరువు కట్ట ఎక్కే కాడ కారు ఉయ్యాల ఊగినట్టు ఊగి ఆగిపోయింది. టీచరమ్మలు చీరలు పైకెత్తుకుని కట్ట మీద నడిచి బడికి పోయారంట.

సరే, కందుకూరులో మస్తాన్ అని మెకానిక్ ఉన్నాడు, అతని కాడికి తీసకపోయారు. ఆదెమ్మ కూడా ఎంట పోయింది. మస్తాన్ ఒక చిన్న డబ్బాకి తీగ తగిలించి స్టీరింగు కింద గుచ్చాడంట. డబ్బా మీద అక్షరాలు పడ్డయ్యి, పి సున్నా ఒకటి సున్నా ఒకటి. "ఏందబ్బాయ్ దానర్థం?" అన్నాడు మాలకొండయ్య. "అన్నా, ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టంలో ఒక సెన్సార్ ఉంటది. ఎంత గాలి పోతందో అది లెక్క చెప్పాల. దుమ్ము పట్టింది, అందుకని తప్పు చెప్తంది. మనకి జలుబు చేసి ముక్కు మూసుకపోయినట్టు అనుకో, ఊపిరాడటంలా పాపం" అన్నాడు. అని నాలుగు క్లిప్పులు టిఫిను గిన్నె మూత తీసినట్టు పటపటా తీసి, లోపల మడతల కాగితం జల్లెడ ఎత్తి, సెన్సార్ బయటికి లాగి, సీసాలోంచి బుస్సుమని మందు కొట్టాడు. లైటు ఆరిపోయింది. బండి బంగారంలా ఇంటికొచ్చింది.

ఆదెమ్మ మాత్రం దోవంతా ఒకటే ఆలోచన. ఊపిరాడటంలా పాపం అన్నాడే. ముగ్గురు ఆడపిల్లల్ని సాకిన చెయ్యి గదా అది. పసిబిడ్డకి జలుబు చేస్తే ఏం చేస్తాం? తలకి పోసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి, దాని మీద బిడ్డనేసి పొగ పెడతాం. మరి దీనికి ఎవరు పెట్టారు? ఇరవై రెండేళ్ళుగా ఎవరూ పెట్టలా! శుక్రవారం వచ్చింది. మాలకొండయ్య కారు కడిగి, స్టార్టు చేసి, "ఏమే, దీనికి బొట్టు పెట్టు, నే గడ్డం గీసుకొస్తా" అని పోయాడు. ప్రతి శుక్రవారం కారుకి పసుపూ కుంకమా పెట్టేదే గదా, ఆయనకేం అనుమానం. ఆదెమ్మ ఇంజన్ మీద మూతెత్తింది. నాలుగు క్లిప్పులు పటపటా తీసింది. జల్లెడ పక్కన పెట్టి, మూకుట్లో నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి చల్లి, గొట్టం మూతి కాడ పట్టుకుందంట. ఇంజన్ నడస్తంది గదా, పొగంతా గుటగుటా పీల్చుకుంది. ఒక్క పిసరు పొగ కూడా బయటికి రాలా. ఆమెకి ఎంత సంబరమో! బిడ్డ పాలు తాగినట్టే ఉందంట. "తాగు నాయనా, తాగు" అందంట. అన్నీ మళ్ళీ బిగించేసి, మొగుడికి చెప్పలేదు. చెప్తే ఇంజన్‌లో చెయ్యి పెట్టావా అని అరుస్తాడు గదా.

శనివారం లైటెలిగింది. మస్తాన్ డబ్బా గుచ్చాడు, పి సున్నా ఒకటి సున్నా ఒకటి. ఈసారి కారు కింద పడుకుని తీగలన్నీ చూశాడు, ఒక తీగ మార్చాడు, మందు కొట్టాడు, లైటారింది. ఆదెమ్మ ఏమనుకుంది? పొగ చాలలా అనుకుంది. వచ్చే శుక్రవారం రెండు గుప్పిళ్ళేసింది. శనివారం మళ్ళీ లైటు. మస్తాన్ సెన్సారే కొత్తది ఏశాడు. ఆదెమ్మ ఎండిన వేపాకు కూడా కలిపింది. మళ్ళీ లైటు. ఇంకోటి కొత్తదేశాడు. ఆమె జలుబుకి ఆవిరి పట్టే వావిలాకు కూడా ఏసింది. ఆయనెంత మారిస్తే ఈమె అంత పెడతంది, ఈమెంత పెడితే ఆయన అంత మారస్తన్నాడు. ఇద్దరూ మంచోళ్ళే చూడండి, ఇద్దరూ కారు బాగుపడాలనే! వారం రోజులు బాగుంటది, శనివారం వచ్చేసరికి దగ్గుద్ది. "దీనికి శని పట్టిందన్నా, నా సర్వీసులో ఇట్టాంటి బండి చూళ్ళా" అన్నాడంట మస్తాన్.

అట్టా నాలుగు శనివారాలు. టీచరమ్మలకి ఇసుగు రాదూ? పెద్ద టీచరమ్మ చెప్పేసింది, "మాలకొండయ్యా, సోమవారం పొద్దున గనక ఆగిపోతే మేం ఆటో మాట్లాడుకుంటాం, ఏమనుకోబాక" అని. మాలకొండయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "కారు పాత ఇనప సామాన్లోడికి ఇచ్చేస్తా. మా బామ్మర్దితో మాట్లాడా, హైదరాబాదులో అపార్టుమెంటు కాడ వాచ్‌మెన్ పని ఉందంట. ఒక్కడికే చోటు. నువ్విక్కడే ఉండు" అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్క పూట ఇడిసి ఉండలా వాళ్ళు. ఆదెమ్మ పొయ్యి కాడికి పోయి ఎసట్లో బియ్యం పొయ్యకుండా అట్టనే నిలబడిపోయిందంట, నీళ్ళన్నీ మరిగి ఇగిరిపోయిందాకా.

ఆదివారం మస్తానే ఆ ఊరొచ్చాడు, ఇదేందో తేల్చాలని. రచ్చబండ కాడ కారు పెట్టించి, జనమంతా చూస్తా ఉండగా ఆ గొట్టం మొత్తం ఊడదీశాడు. ఎప్పుడూ ఊడదీయలా, షెడ్డులో పెట్రోలు కంపులో ఏదీ తెలిసేది కాదు. ఇక్కడ గొట్టం ఇప్పంగానే గుప్పుమని సాంబ్రాణి వాసన! మస్తాన్ నాలుగడుగులు ఎనక్కేసి చెప్పులిడిసేశాడంట. "అన్నా, మా పీరు సామో మీ అమ్మోరో నాకు తెలవదుగానీ, ఇందులో ఎవరో ఉన్నారన్నా. నేను పానా పెట్టలేను" అని దణ్ణం పెట్టాడు. ఇంకేముంది! "డబ్బా మీద ఏం పడిందబ్బాయ్?" అంది ఊరిపెద్ద పిచ్చిరెడ్డి తల్లి. "ఒకటి సున్నా ఒకటి" అన్నాడు. "నూటొకటి! అమ్మ నూటొక్క కొబ్బరికాయ అడుగుతందిరా! నాలుగు వారాల నుంచి అడుగుతా ఉంటే తీగలు మారస్తన్నారు, పాపిష్టోళ్ళారా!" అంది. "మరి ముందు పి ఉంది గదా?" అన్నాడు ఎవడో. "పొంగలి" అందంట ముసలమ్మ, తడుముకోకుండా.

గంటలో నూటొక్క కాయలొచ్చినయ్యి. గొట్టం బిగించి, ఇంజన్ స్టార్టు చేసి, ఇంటికో మూకుడు చొప్పున సాంబ్రాణి పొగ. కారు కనపడటంలేదంట పొగలో. పీల్చింది, పీల్చింది, దగ్గింది, రెండు సార్లు అదిరింది, ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్ళీ అంటుకోలా. "అమ్మ శాంతించింది" అన్నారు జనం. మాలకొండయ్య మాత్రం తల పట్టుకుని బామ్మర్దికి ఫోన్ చేశాడు, పొద్దున బస్సుకి వస్తన్నానని.

ఆదెమ్మకి అప్పుడు తెలిసింది, పొగ పెట్టగానే కళ్ళ ముందే చచ్చిపోయింది గదా. అయ్యో, చంపింది నేనే గదా అనుకుంది. చెప్పాల. చెప్తే ఊరంతా నవ్వుద్ది, చెప్పకపోతే మొగుడు పోతాడు. కొంగు నోట్లోంచి తీసి, "ఆ వాసన అమ్మోరిది కాదు, నేనే పెట్టాను, ప్రతి శుక్రవారం" అంది. ఎవరికీ ఇనపళ్ళా. ఇంకోసారి గట్టిగా అంది. జనమంతా తిరిగి చూశారు. ముసలమ్మ వచ్చి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టింది! "చూశారా, ఆ తల్లే నీ చేత పెట్టించుకుంది! ఎంత పుణ్యం చేసుకున్నావమ్మా!" అంది. "కాదత్తా, ఆ పొగ వల్లే పాడైంది" అంటే, "ఆ మాట కూడా నీ చేత అనిపిస్తంది, పరీక్ష పెడతంది" అంది. ఇంకో నాలుగు మూకుళ్ళు తెమ్మంది. నిజం చెప్పేకొద్దీ దేవతైపోతందనుకో ఆదెమ్మ!

అప్పుడేం చేసిందంటే, ఆమెకే తెలవదంట ఎట్టా చేసిందో. జడ ఊడదీసింది. హా అని ఒక్క అరుపు అరిచింది. ఆ గొంతు ఆమెకుందని మొగుడికే తెలవదు, కోళ్ళన్నీ గోడెక్కినయ్యి. అమ్మోరు పూనినట్టు ఊగిపోతా, "నాకు పొగొద్దురా! నాలుగు వారాల నుంచి దగ్గలేక చస్తన్నా! తీసేయండి మూకుళ్ళు!" అంది. మూకుళ్ళు మాయం. "మస్తాన్ను పిలవండి! ఆ సీసాలో మందు నా ముక్కుకి కొట్టమనండి! గొట్టమంతా గుడ్డతో తుడవమనండి! కాగితం జల్లెడ కొత్తది ఎయ్యమనండి!" అంది. "అమ్మోరికి ఫిల్టర్ సంగతి కూడా తెలుసు!" అని నోరెళ్ళబెట్టారు జనం. మస్తాన్ గొట్టం తుడిస్తే గుడ్డకి జిగటగా బంక, తుమ్మ జిగురులాగా. అది చూశాడు, ఆదెమ్మని చూశాడు, తను ఊరికే మార్చిన రెండు సెన్సార్లు గుర్తుకొచ్చినయ్యేమో, తల దించుకుని, "అట్టనే తల్లీ" అన్నాడంట, అంతే. "ఆ మాలకొండయ్య యాడ? హైదరాబాదు పోతావంటగా? నా ముందర బస్సెక్కు చూద్దాం!" అంది చివరాఖరికి. "పోను తల్లీ, పోను" అని లెంపలేసుకున్నాడు పాపం. తాళం తిప్పితే కారు ఒక్క తిప్పుకే అంటుకుంది, లైటు లేదు.

కథ ఇక్కడతో అయిపోయిందనుకుంటన్నారా? కాలా. సోమవారం పొద్దున టీచరమ్మల్నేసుకుని కారు చెరువు కట్ట ఎక్కి దిగింది, ఇంటి ముందుగా బడికి పోతా హారన్ కూడా కొట్టాడు మాలకొండయ్య. అప్పుడు ఆదెమ్మ వాకిట్లో అంట్లు తోముతంది. పిచ్చిరెడ్డి ఆయాసపడతా మోపెడ్ తోసుకొచ్చాడు, నిన్నటి నుంచి స్టార్టు కావటంలేదంట. చెప్పులు గేటు బయటే ఇడిసి, చేతులు కట్టుకుని, "అమ్మోరి చేత ఒక మాట చెప్పించమ్మా" అన్నాడు. ఆదెమ్మ లేచింది. జడ ముట్టుకోలా. బూడిద చేతులు కొంగుకి తుడుచుకుని, మోపెడ్ ట్యాంకు మూత తిప్పి, లోపలికి ఒంగి చూసింది. "పెట్రోలు లేదబ్బాయ్" అంది. పిచ్చిరెడ్డి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఈ మాట అమ్మోరంటందా, నువ్వంటన్నావా?" అన్నాడు. ఆదెమ్మ మూత బిగించి, పక్కింటికి కూడా ఇనపడేట్టు, "నేనే అంటన్నా" అని, పోయి మళ్ళీ అంట్ల ముందు కూర్చుంది.